గోదావరి డెల్టా ఊళ్ళ చరిత్ర: ఏది ముందు నమోదు చేయాలి, ఎలా భద్రపరచాలి, ఎవరికి అందాలి?

కొబ్బరితోట (అంబాజీపేట ప్రాంతం)

అందరికీ నమస్కారం. మా ఊరి శివాలయం జీర్ణోద్ధరణకు చందాలు పోగవుతున్నాయి. ముఖమండపం తీసేసి స్లాబు వేయాలని పెద్దలు నిర్ణయించారు. ఆ మండపంలో ఒక స్తంభం మీద పాత అక్షరాలున్నాయి. ఏటేటా కొట్టిన సున్నం కింద సగానికి పైగా పూడిపోయాయి. వాటిని ఎవరైనా ఎప్పుడైనా చదివారా అంటే చెప్పగలిగినవారు ఊళ్ళో లేరు. వేసవిలో పని మొదలవుతుంది.

నేను అడగదలచింది ఆ ఒక్క రాయి గురించే కాదు. కాలువ లాకు పక్కన కూలిపోతున్న సత్రం ఉంది. పాత కరణంగారి ఇంట్లో అటక మీద కాగితాల మూటలున్నాయి. కాలువలో పడవలు నడిపిన ముసలివారు ఇద్దరు ముగ్గురు మిగిలారు. మేం ఐదారుగురం కలిసి ఊరి చరిత్ర రాయాలనుకుంటున్నాం. అచ్చు పుస్తకం వేద్దామని కొందరు, ఫేస్‌బుక్ పేజీ చాలని కొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

రాతిపలక (రామచంద్రపురం)

ముందు చేయకూడనివి చెబుతాను, అవి అత్యవసరం కనుక. సున్నాన్ని ఉలితో గానీ ఇనుప బ్రష్షుతో గానీ గీకించకండి. యాసిడ్ పోయనివ్వకండి. స్తంభాలను కొత్తవాటిలా చేస్తామంటూ ఇసుకను గాలితో చిమ్మే యంత్రం తెస్తామంటారు, అసలు ఒప్పుకోకండి. ఆ ఇసుక సున్నంతో పాటు అక్షరం అంచును కూడా తినేస్తుంది. నీళ్ళు, కొబ్బరిపీచు, వెదురు పుల్ల చాలు. వాటికి రాని సున్నాన్ని అలాగే వదిలేయండి, తెలిసినవారు వచ్చి తీస్తారు.

ఫొటోలు రాత్రిపూట తీయండి. టార్చిని రాయికి ఎదురుగా పెట్టకుండా పక్క నుంచి, వెలుగు రాతి మీద జారిపోయేలా పట్టుకోవాలి. అప్పుడు ప్రతి గీతకూ నీడ పడుతుంది. పగలు ఏమీ కనిపించని చోట రాత్రి పంక్తులకు పంక్తులు పైకి లేస్తాయి. ఎడమ నుంచి, కుడి నుంచి, పై నుంచి, కింది నుంచి వెలుగు వేసి వేరువేరుగా తీయండి. పక్కన ఒక స్కేలు ఉంచండి. స్తంభం ఏ దిక్కున ఉంది, అక్షరాలు ఏ ముఖం మీద ఉన్నాయి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి, ఇవన్నీ కాగితం మీద బొమ్మ గీసి రాసుకోండి. మండపం ఊడదీశాక ఆ వివరం మళ్ళీ దొరకదు.

శాసన నిపుణులు నకలు తీసే పద్ధతి వేరు. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి గట్టి కుంచెతో కొడతారు. కాగితం గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా పడుతుంది. దాన్ని మీరు ప్రయత్నించవద్దు. భారత పురావస్తు శాఖకు మైసూరులో శాసన విభాగం ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ కూడా ఉంది. ఫొటోలతో ఇద్దరికీ ఉత్తరం రాయండి.

మీ రాయిని ఇప్పటికే ఎవరైనా చదివి ఉండవచ్చు. 1887 నుంచి శాసనాల వార్షిక నివేదికలు వెలువడ్డాయి. ఒక్క ద్రాక్షారామం గుడిలోనే వందల శాసనాలున్నాయి. వాటి పాఠాలు ‘దక్షిణ భారత శాసనాలు’ 4వ సంపుటంలో అచ్చయ్యాయి. వేంగీ చాళుక్యులు, వెలనాటి చోడులు, తూర్పు గాంగులు, కాకతీయులు అందరూ అక్కడ కనిపిస్తారు. అయితే నన్ను అడిగితే రాజుల పేర్లకన్నా తక్కినవే గొప్పవి. అఖండ దీపానికి నెయ్యి కోసం ఎవరు పశువులనిచ్చారు, ఏ ఊరివారు, ఎవరి పేరున ఇచ్చారు, ఆ మందను కాచే బాధ్యత ఎవరిది అన్న సంగతులు అందులో ఉంటాయి. రాజుల గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట దీపానికి గొర్రెలిచ్చిన ఇల్లాలి పేరు ఆ రాయి మీద తప్ప ఇంకెక్కడా ఉండదు.

కొబ్బరితోట

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. ఇసుక యంత్రం మాట నిజంగానే వచ్చింది. రేపే పెద్దలతో మాట్లాడతాను. అక్షరాల్లో ‘శకవర్షంబులు’ అన్నంత వరకు పోల్చుకున్నాం. ఆ తరువాత అంకెలు లేవు, ఏవో సంస్కృత పదాలున్నాయి.

రాతిపలక

అవే అంకెలు కావచ్చు. సంవత్సరాన్ని మాటల్లో చెప్పడం శాసన కవులకు అలవాటు. శశి అంటే 1, నేత్రాలు 2, వసువులు 8, ఆకాశం సున్న. కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. వచ్చిన శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, జనవరి మొదలు ఉగాది లోపు తిథులకు 79. ‘ఉత్తరాయణ నిమిత్తమున’, ‘ఆచంద్రార్కము’ వంటి మాటలు కనబడితే దానశాసనమని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. తొందరపడి అర్థం మాత్రం ప్రకటించకండి.

ఇంకొక మాట. మండపం తీయక తప్పదంటే అక్షరాలున్న స్తంభాన్ని ముక్కలు చేయకుండా ప్రాకారం లోపలే నిలబెట్టించండి. ఎన్నో ఊళ్ళలో ఇలాంటి రాళ్ళు మెట్లుగానూ బట్టలుతికే బండలుగానూ మారిపోయాయి.

లాకుగట్టు (ధవళేశ్వరం)

శాసనం గురించి మాస్టారు చెప్పినదానికి చేర్చేదేమీ లేదు. నా ఆరాటమంతా పడవవారి గురించి. రాయి ఇంకో పదేళ్ళు ఆగుతుంది, పడవ నడిపిన ఎనభై ఏళ్ళ సరంగు ఆగడు. మీ పట్టికలో ఆ ముసలివారిని అన్నిటికన్నా పైన రాయండి.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి మన పిల్లలందరికీ ఒకే పేరు తెలుసు, కాటన్ దొర. ఆయనను తలచుకోవడం న్యాయమే. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు చెబితే పదిమందిలో ఇద్దరు గుర్తుపడతారు. రాళ్ళు మోసినవారి పేర్లు, కాలువలు తవ్వినవారి పేర్లు ఎక్కడా లేవు. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 కమానులతో కట్టిన పాత అక్విడక్టు (కాలువను నది దాటించే వంతెన) నాగరం లంకకు నీరు మోసింది. పక్కన వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, మంచి పని. పాతదాని కమానులు పేర్చిన మేస్త్రీలు ఎక్కడివారో, వారి వంశస్థులు ఏ ఊళ్ళో ఉన్నారో ఎవరైనా అడిగారా?

ఈ కాలువలు పొలాలకు నీరివ్వడానికే కాదు, ప్రయాణానికి కూడా. ధవళేశ్వరం నుంచి ఏలూరు కాలువ మీదుగా కృష్ణకు, అక్కడ నుంచి కొమ్మమూరు కాలువలోకి, ఆపైన బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. లాకులో పడవ చొరబడ్డాక వెనక తలుపు మూసి, ముందు తలుపులోని తూము ఎత్తి, నీటి మట్టం సమానమయ్యాక ముందు తలుపు తెరిచేవారు. ఈ పని చేతులతో చేసినవారు, ఆ తాడు భుజాన వేసుకున్నవారు చెబితే రాసుకోవాలి. ఏ లాకు దగ్గర రాత్రి ఆగేవారు, అన్నం ఎవరు వండేవారు, రేవుకు రేవుకు సుంకమెంత, నిద్ర రాకుండా ఏ పాట పాడేవారు అని అడగండి. మీ సత్రం కథ కూడా దానితోనే బయటపడుతుంది.

ఉప్పుటేరు (నరసాపురం)

లాకుగట్టుగారి మాటతో ఏకీభవిస్తూ ఆడవారి సంగతి గుర్తుచేస్తాను. ఊరి చరిత్రలు రాసే బృందాలు ఎక్కువగా అరుగు మీద కూర్చున్న మగవారిని అడిగి లేచి వచ్చేస్తాయి.

మా వైపు లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. ఇంటింటా ఆడవారు క్రోషియా సూదితో అల్లితే ఆ సరుకు సముద్రాలు దాటింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రంలో అల్లికల పేర్లుంటాయి గానీ ఆ అల్లిక ఏ అత్తగారి దగ్గర ఏ కోడలు నేర్చుకుందో ఉండదు. మా వీధిలో ఒక పెద్దావిడ దగ్గర పాత నమూనాలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. కాగితం మీద ఎప్పుడూ రాయలేదు, కళ్ళతో చూసి లెక్క పట్టడమే. ఒక్కొక్క నమూనాను నల్లటి గుడ్డ మీద పరిచి ఫొటో తీశాం. ఆవిడ అల్లుతుండగా చేతులను దగ్గరగా వీడియో తీశాం. ఉండకు ఎంత కూలి ఇచ్చేవారు, ఏజెంటు ఎప్పుడు వచ్చేవాడు, ఆ డబ్బుతో ఏం కొన్నారు అని అడిగాం. ఆవిడ చెప్పిన కూలి లెక్కల్లో మా ఊరి ఆర్థిక చరిత్ర అంతా ఉంది.

కొబ్బరితోటగారూ, మీ ఊళ్ళో కొబ్బరిపీచు, తాళ్ళ పని చేసిన స్త్రీలు తప్పక ఉంటారు. వారి దగ్గరకు ఒక అమ్మాయిని పంపండి. మగపిల్లలు వెళితే సగం మాటలే వస్తాయి.

పేటబడి (రాజోలు ప్రాంతం)

చందాల పట్టికలో పేర్లున్నవారి చరిత్రే ఊరి చరిత్ర అయితే మా పేట ఊళ్ళో లేనట్టే. గుడి, సత్రం, కరణంగారి కాగితాలు అని మీరు రాసిన వాటిలో మా తాతముత్తాతలు కూలి లెక్కల్లో తప్ప కనిపించరు. కాలువ తవ్వింది ఎవరు? ఊడ్పు పాటలు ఎవరివి? ఏ చెరువులో ఎవరిని నీళ్ళు ముంచనిచ్చారు, ఎవరిని ముంచనివ్వలేదు? మొదటి బడి పేటలోకి ఎప్పుడు వచ్చింది? ఇవి లేకుండా అచ్చువేసే పుస్తకాన్ని ఊరి చరిత్ర అనవద్దని నా మనవి.

మా దగ్గర కూడా ఆధారాలున్నాయి. చర్చిల్లో బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు ఉంటాయి. తేదీతో సహా తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. వేరే ఏ కాగితం మీదా లేని మా పూర్వీకుల పేర్లు అక్కడ దొరుకుతాయి. సమాధి రాళ్ళున్నాయి. పాటలున్నాయి. కానీ వచ్చి రికార్డు చేసుకుపోయి, ఎక్కడ పెట్టారో చెప్పకుండా పోయినవారిని మేం చూశాం. మా మాటలు ఎక్కడ ఉంచుతారో, ఎవరు వింటారో ముందు చెప్పండి. రాసినది మాకు చదివి వినిపించండి. వద్దన్న భాగాన్ని తీసేయండి. ఇంతే అడుగుతున్నాం.

కొబ్బరితోట

మీరు చెప్పినవి న్యాయమైన షరతులు. మా బృందంలో పేట నుంచి ఇద్దరు చేరేలా మాట్లాడతాను. మాకు వివరాలు తెచ్చిపెట్టడానికి కాదు, ఏది రాయాలో మాతో కలిసి నిర్ణయించడానికి.

మడఅడవి (తాళ్ళరేవు)

పెద్దలను అడిగేటప్పుడు తేదీలు ఎలా రాబట్టాలో చెబుతాను. ‘ఏ సంవత్సరం’ అని అడిగితే చాలామంది చెప్పలేరు. తుఫానులను, వరదలను అడగండి. మన డెల్టాకు అవే మైలురాళ్ళు. కొబ్బరితోటలన్నీ నేలకొరిగిన తుఫాను 1996 నవంబరు 6. లంకలు మునిగిన పెద్ద వరద 1986 ఆగస్టు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంకా వెనక్కి 1953 వరద. ‘మీ పెళ్ళి ఆ వరదకు ముందా, తరువాతా? అప్పటికి పెద్దబ్బాయి పుట్టాడా?’ అని అడిగితే సంవత్సరం ఒకటి రెండు ఏళ్ళ తేడాతో తేలుతుంది.

తెలుగు సంవత్సరాల పేర్లు చెప్పేవారు కూడా ఉంటారు. 1953 విజయ, 1986 అక్షయ, 1996 ధాత. కానీ ‘విజయ’ అరవై ఏళ్ళకొకసారి వస్తుంది కనుక 1893 కూడా కావచ్చు. కాగితాల్లో ఒట్టి సంవత్సరం పేరే ఉంటే స్టాంపు కాగితం మీది బొమ్మను, ముద్రను చూసి ఏ చుట్టు అన్నది తేల్చుకోవాలి. మా కోరంగిని ముంచిన ఉప్పెన 1839లో, అది వికారి. అంతకు ఆరేడేళ్ళ ముందటి పెద్ద కరువును నందన కరువు అన్నారు, 1832–33. ఆ రెండు దెబ్బలూ కలిపి చూస్తేనే ఆనకట్ట ఎందుకు కట్టవలసి వచ్చిందో అర్థమవుతుంది.

కోరంగి పేరు చెబితే ఇప్పుడందరూ మడ అడవుల్లో పడవ షికారు అంటారు. ఓడలు కట్టిన రేవు అది. ఇక్కడ నుంచి, కాకినాడ నుంచి మనవారు బర్మాకు, మారిషస్‌కు వెళ్ళారు. 1942లో జపాను సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు అడవుల మీదుగా నడిచి తిరిగివచ్చిన కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ నడక చూసిన పిల్లలకు ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. మీ ఊళ్ళో బర్మా టేకు దూలాలున్న ఇల్లు ఏదైనా ఉంటే ఆ ఇంటి తలుపు తట్టండి.

తాటిదిబ్బ (భీమవరం)

ఫేస్‌బుక్ పేజీ మాట వచ్చింది కాబట్టి హెచ్చరిక ఒకటి. కాపలా లేని విగ్రహం, పొలంలో పడి ఉన్న పాత శిల్పం, వీటి సరిగ్గా ఉన్న చోటును పటం మీద గుర్తుపెట్టి ఇంటర్నెట్లో ఉంచకండి. గుప్తనిధుల వేటగాళ్ళు నంది పొట్టను కూడా పగలగొట్టి చూస్తారు. ఫొటో, ఊరి పేరు చాలు. ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు మీ దగ్గరా పురావస్తు శాఖ దగ్గరా ఉంటాయి.

పాటిదిబ్బల గురించి ఎవరూ అనలేదు. పాత ఊళ్ళు పాడుబడి ఏర్పడిన ఆ దిబ్బల నుంచి పాటిమన్ను ఎరువుగా పొలాలకు తోలడం మన దగ్గర తరతరాల అలవాటు. బండ్ల కాలంలో మెల్లగా తరిగేవి, ఇప్పుడు పొక్లెయిన్‌తో దిబ్బ మొత్తం వారంలో మాయమవుతుంది. పెంకులు, పూసలు, పెద్ద ఇటుకలు, నాణేలు అన్నీ కలిసి పోతాయి. ఆదుర్రులో బౌద్ధ స్తూపం మిగిలిందంటే రక్షిత స్థలం కావడం వల్లనే. మీ ఊరి చుట్టుపక్కల ఏ చేనుకు ‘పాటి’ అన్న పేరుందో సర్వే నంబరుతో రాసుకోండి. నాణేలు, నిధి లాంటివి దొరికితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్ళు దాటిన శిల్పాలకు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులకు 1972 చట్టం వర్తిస్తుంది. ఇంట్లో దాచుకుంటే భద్రమని అనుకోవద్దు.

గౌతమితీరం (రాజమహేంద్రవరం)

కాగితాల సంగతి నాకు వదిలేయండి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు కొన్ని దస్త్రాలు మండలాలకు చేరాయి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయాయి. మీ అటక మీది మూటల్లో పాత అడంగళ్ళు (ఏ చేనులో ఎవరు ఏం పండించారన్న లెక్కలు), శిస్తు లెక్కలు, సర్వే పటాలు ఉండే వీలుంది. మూటలు విప్పే ముందు ఏ మూటలో ఏ వరుసలో ఉన్నాయో ఫొటో తీయండి. వరుస కూడా సమాచారమే. చెదలు పట్టినవాటిని వేరుచేయండి. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్ళకు జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తాళపత్రాలు కనబడితే నిమ్మగడ్డి నూనె పనిచేస్తుందని అంటారు, నిజమే, కానీ చేయి తిరిగినవారి చేతనే చేయించండి.

రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు సంపాదించండి. అందులో భూమి వివరాలతో పాటు చేల పేర్లు, దేవాలయ ఇనాములు, సత్రం ఇనాములు ఉంటాయి. మీ సత్రం ఎవరు కట్టించారన్నది అక్కడే తేలవచ్చు. 1907లో హెమింగ్‌వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు, దానికి ముందు 1878 నాటి మోరిస్ గ్రంథం ఇంటర్నెట్లో ఉచితంగా చదవవచ్చు. అవి కలెక్టరు బల్ల మీద నుంచి చూసిన చరిత్రలని గుర్తుంచుకుని చదవాలి. సర్వే అధికారి మెకంజీ దొర తరఫున మనవారే ఊరూరా తిరిగి రాసిన కైఫియత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, వేరే రుచి. ఆ పనికి ఆద్యులైన కావలి సోదరులు మన ఏలూరువారు. 1898 నాటి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికల సంచికలు వెతకండి. 1922లో ఇక్కడే పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో డెల్టా ఊళ్ళ తామ్రశాసనాల మీద వ్యాసాలున్నాయి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక దస్త్రాలు ఏ కార్యాలయంలో ఉన్నాయో కనుక్కోవడమే సగం పని. అమలాపురంలో లేదంటే కాకినాడలో అడగండి. ఓపిక పట్టండి.

పుస్తకమా ఇంటర్నెట్టా అన్నదానికి నా జవాబు, రెండూ. ఫేస్‌బుక్ పేజీ మాత్రం ఒక్కటే ఆధారం కాకూడదు. అందులో పెట్టినది ఆరు నెలలకే వెతికితే దొరకదు. ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో పెట్టండి, మీ ఊరికి తెలుగు వికీపీడియాలో పేజీ ఉండే ఉంటుంది, అక్కడ ఆధారం చూపించి రాయండి. కాపీహక్కు తీరిన పాత పుస్తకాలను వికీసోర్స్‌లో ఎక్కించవచ్చు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు దాటాలి.

కనుమప్రభ (ముక్కామల)

ఇక్కడ చర్చ అంతా రాయి, కాగితం చుట్టూ తిరుగుతోంది. చేసేవారి చేతుల్లో మాత్రమే ఉండే వారసత్వం సంగతేమిటి? కనుమ రోజున జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, కదులుతాయి. కౌశిక కాలువ నీళ్ళలో దిగి, పచ్చటి చేల మీదుగా భుజాల మీద వెళతాయి. చేను తొక్కినా రైతు నొచ్చుకోడు, రుద్రుడు తన పొలంలో నడిచాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ప్రభల తీర్థం ఢిల్లీలో శకటంగా వెళ్ళింది. అందరికీ ఆ ఊరేగింపు బొమ్మలే కనిపిస్తాయి. వెదురు ఎక్కడ కొడతారు, బద్దలు ఏ మందాన చీలుస్తారు, బరువు ఎటూ వాలకుండా ఎలా కడతారు, మోసేవారు ఏ పిలుపుకు కుడికి తిరుగుతారు, ఏ పిలుపుకు ఆగుతారు? ఆ పని నేర్పేవారు తగ్గిపోతున్నారు. పండగ నాడు వేల ఫోన్లు పైకి లేస్తాయి, కట్టే రోజుల్లో ఒక్కటీ ఉండదు. దయచేసి పండగకు ముందే రండి.

2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు మా గుండెలు మండిపోయాయి. నెలల్లోనే కొత్త రథం వచ్చింది, కల్యాణోత్సవానికి కదిలింది. అప్పటి నుంచి నేను అందరినీ బతిమాలుకుంటున్నాను. మీ ఊరి రథానికి, పల్లకికి, వాహనాలకు, ప్రభకు టేపుతో కొలతలు తీసి ఉంచండి. ప్రతి శిల్పపు పలకనూ విడిగా ఫొటో తీయండి. కొయ్య అగ్నికి, చెదకు, వరదకు దేనికైనా లోబడేదే.

రాతిపలక

కనుమప్రభగారి ఆవేదన నాకు పూర్తిగా అర్థమైంది. అయితే ఒక గీత గీసుకోవాలి. స్థలపురాణాన్ని చరిత్ర అని అచ్చువేయకండి. తారకాసురుని కంఠంలోని లింగం ఐదు ముక్కలై పంచారామాలయ్యాయన్నది భక్తి. ద్రాక్షారామంలో, సామర్లకోటలో కనిపించేది చాళుక్యుల కట్టడం. రెండిటినీ కలిపి ‘అయిదు వేల ఏళ్ళ నాటి గుడి’ అని రాస్తే తరువాతి తరం మన మాట ఏదీ నమ్మదు.

కనుమప్రభ

మాస్టారూ, పురాణాన్ని చరిత్ర అనమని నేను అనడం లేదు. పక్కకు నెట్టేయవద్దంటున్నాను. సప్తర్షుల పేరిట గోదావరి ఏడు పాయలైందన్న కథే తీసుకోండి. కౌశిక, తుల్యభాగ వంటి పాయలు ఇప్పుడు కాలువలుగా, మురుగు డ్రెయిన్లుగా మిగిలాయి. ఆనకట్టకు ముందు నది ఎటెటు పారిందో చెప్పే గుర్తులను ఆ కథే మనదాకా తెచ్చింది. ఆ ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునగడానికి సప్తసాగర యాత్రకు వెళ్ళే ముసలమ్మలకు ఆ దారులన్నీ తెలుసు.

రాతిపలక

ఈ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. అలాగైతే ఇలా రాయండి: ‘ఊరివారు ఇలా చెబుతారు’ అని కథను పూర్తిగా, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి ఉంచండి. ‘శాసనంలో ఇలా ఉంది’ అన్నది వేరే పేరాలో ఉండాలి. ఒకే కథను ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి.

పాతరేవు (యానాం)

మాది ఒకప్పుడు ఫ్రెంచి పాలన. 1954 దాకా సాగింది. ఫ్రెంచివారు పుట్టుక, పెళ్ళి, మరణాలను రిజిస్టర్లలో రాసిపెట్టారు. ఆ కాలపు నకళ్ళు ఫ్రాన్సులోని విదేశీ భూభాగాల దస్త్రాలయంలో భద్రపరిచి ఉన్నాయి. పక్క ఊళ్ళ నుంచి యానాంకు వలస వచ్చినవారి, పెళ్ళయి వచ్చినవారి వివరాలు వాటిలో తగలవచ్చు. తాళ్ళరేవు, ముమ్మిడివరం వైపు కుటుంబ చరిత్రలు వెతికేవారు ఇది మరిచిపోవద్దు. ఇంటిపేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో రాసి ఉంటాయి కనుక బిగ్గరగా చదువుకుంటే తప్ప పోల్చుకోలేరు.

కొబ్బరితోట

ఇన్నాళ్ళకు చెప్పుకోదగిన సంగతులున్నాయి. స్తంభాన్ని పగలగొట్టకుండా ప్రాకారంలో అరుగు కట్టి నిలబెట్టడానికి పెద్దలు ఒప్పుకున్నారు. ఇసుక యంత్రం మాట విరమించారు. రాత్రి వెలుగులో తీసిన ఫొటోలు రెండు శాఖలకూ పంపాం. మాస్టారికి కూడా విడిగా పంపాను. పేట నుంచి చేరిన ఇద్దరిలో ఒకరు ఊడ్పు పాటల పని ఎత్తుకున్నారు. చర్చి పెద్దలు రిజిస్టరును బయటకు ఇవ్వలేమన్నారు గానీ అక్కడే కూర్చుని చూసి రాసుకోవడానికి అనుమతిచ్చారు.

సరంగుగారి దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఆయన బాగా చెబుతారు, కానీ ఫోను ముందు పెట్టగానే బిగుసుకుపోయి గ్రాంథికంగా మాట్లాడుతున్నారు. చుట్టూ మనవలు చేరి ‘అది కాదు తాతా’ అని అందిస్తున్నారు.

లాకుగట్టు

ఇంట్లో వద్దు. కాలువ గట్టుకు తీసుకువెళ్ళండి, ఆయన వయసువారు ఇంకొకరు ఉంటే వెంటబెట్టుకోండి. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటారు, మీరు వినండి. గాలి చప్పుడు పడకుండా ఫోనుకు తగిలించి చొక్కా జేబుకు గుచ్చే చిన్న మైకు వాడండి. రికార్డు చేస్తున్నామని మొదటే చెప్పి, ఆయన సరేనన్న మాట కూడా అందులోనే ఉండనివ్వండి. పటం ఒకటి పరిచి ‘ఇక్కడ నుంచి బయలుదేరితే మొదటి లాకు ఏది?’ అని మొదలుపెట్టండి. చేయి పటం మీద పడిందంటే మాట దానంతటదే వస్తుంది. తెరచాప ఎలా కట్టేవారో తాడు చేతికిచ్చి చూపించమనండి.

ఉప్పుటేరు

రికార్డు చేసిన రోజే పేరు పెట్టండి. ఊరు, తేదీ, చెప్పినవారు, విషయం. ‘ఆడియో 1, ఆడియో 2’ అని వదిలేస్తే మరుసటి ఏడాదికి ఎవరి గొంతో మీకే తెలియదు. అసలు ఫైలును కత్తిరించకుండా ఉంచండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవారి దగ్గర, ఒకటి ఇంటర్నెట్లో ఉండాలి. మన ఊళ్ళకు వరద ఎప్పుడొస్తుందో చెప్పలేం కదండీ. ఇంకో ప్రతిని పెన్ డ్రైవులో ఆయన ఇంటివారికి ఇవ్వండి.

పేటబడి

ఊడ్పు పాటల సంగతి విని సంతోషించాను. పాట పాడినవారి పేరు పాట పక్కనే రాయండి, ‘జానపదం’ అని మాత్రమే రాసి ఊరుకోకండి. మా వైపు ఇద్దరు పెద్దమ్మలు ఉన్నారు, అవే పాటలు కొంచెం మార్పుతో పాడతారు. నాట్లు పడే రోజుల్లో మీ అమ్మాయిలను పంపితే పొలం గట్టు మీదే పాడిస్తాను.

కొబ్బరితోట

తప్పకుండా పంపుతాను. సార్వా నాట్లకు నీరు వదిలే తేదీ తెలియగానే ఇక్కడే రాస్తాను. పటం కోసం గౌతమితీరంగారిని ఒక సాయం అడుగుతున్నాను. పాత కాలువల పటం, లాకుల పేర్లున్నది, పెద్ద అక్షరాలతో అచ్చు తీయడానికి ఎక్కడ దొరుకుతుంది? సరంగుగారికి చూపు మందగించింది.

గౌతమితీరం

పాత సర్వే పటాల స్కానులు ఇంటర్నెట్లో ఉన్నాయి, మీ ప్రాంతపు భాగం వెతికి పంపుతాను. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం కూడా ఒకసారి చూసి రండి. ఫ్లెక్సీ వేసేవారి దగ్గర ఆ పటాన్ని దుప్పటంత చేసి అచ్చు తీయించండి, గట్టు మీద పరచడానికి వీలుగా ఉంటుంది. లాకుల పేర్లు తెలుగులో నేను రాసి ఇస్తాను. వాటిలో తప్పులుంటే సరంగుగారి చేత దిద్దించి నాకు తిరిగి పంపండి.